కొండ నెత్తిన చప్పుడు లేని సాయంత్రం

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ముసలమ్మ రోజూ నన్ను అడిగే మొదటి మాట ఒకటే.

"కొండ ఇవాళ ఏం కట్టుకుంది?"

ఆవిడకి కళ్ళున్నాయి గానీ తడిసిన అద్దంలోంచి చూసినట్టు కనిపిస్తుందట అంతా. మనిషి వచ్చాడని తెలుస్తుంది, కొడుకో డ్రైవరో తెలియదు. అందుకని ఆకాశం చూసే పని నాది, అర్థం చెప్పే పని ఆవిడది. దుబాయ్ అవతల రస్ అల్ ఖైమాలో ఆ ఇంటి మేడ మీద ప్లాస్టిక్ కుర్చీలో ఆవిడ, పక్కన గచ్చు మీద నేను, మధ్యలో కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాల పళ్ళెం. ఎదురుగా తూర్పున గడ్డిపోచ లేని రాతి కొండలు. ఇద్దరం కలిసి ఒక వాతావరణ శాఖ నడిపేవాళ్ళం. జీతం మాత్రం నాకొక్కదానికే వచ్చేది.

మబ్బు లేని రోజున "ఏమీ కట్టుకోలేదు యుమ్మా, సిగ్గూ ఎగ్గూ లేకుండా నిలబడింది" అనేదాన్ని. పల్చటి మబ్బుంటే "తలగుడ్డ చుట్టుకుంది, ఎవరి పెళ్ళికో బయల్దేరినట్టుంది" అనేదాన్ని. ఆవిడకి పళ్ళు లేవు. నవ్వితే నోటికంటే భుజాలు ఎక్కువ నవ్వేవి. నవ్వడం అయ్యాక మళ్ళీ పనిలోకి దిగేది. మబ్బు కింది అంచు సాపుగా ఉందా, చిరిగిన గుడ్డలా ఉందా? గాలి సముద్రం వైపు నుంచా, ఎడారి వైపు నుంచా? పావురాలు ఎక్కడున్నాయి? నేను చూసింది చెప్పేదాన్ని. అంతా విని, ముక్కుతో గాలి పీల్చి, "ఇవాళ కాదు" అనేది. చలికాలంలో మాత్రం వారానికో రెండు వారాలకో ఒకసారి "ఇవాళే" అనేది. ఇవాళే అన్న రోజున కూడా ఏమీ వచ్చేది కాదు.

నేను ఆ ఇంటికి చేరింది కరోనా తగ్గుముఖం పట్టాక. మాది కోనసీమ. ఆరో తరగతి మధ్యలో పుస్తకాల సంచి అటక మీద పెట్టేశాను, ఇప్పటికీ దించలేదు. ఆ ఇంట్లో నా పని ముసలమ్మని చూసుకోవడం. స్నానం, మందులు, కాఫీ, నమాజుకి నీళ్ళు, పొద్దుపోవడానికి కబుర్లు. అక్కడ ఇంటావిడని మామా అనాలి, ఇంటాయన్ని బాబా అనాలి. మామ అంటే మీసాలుండాలి కదా మనకి, మొదట్లో ఆవిడని అలా పిలవాల్సి వచ్చినప్పుడల్లా పెదవి కొరుక్కునేదాన్ని. ముసలమ్మని మాత్రం కొడుకుతో పాటు నేనూ యుమ్మా అనే అనేదాన్ని, అంటే అమ్మా అని. నాది వంటింటి అరబ్బీ. అందులో మీరు, తమరు లేవు, అందరూ నువ్వే. ఆవిడ నన్ను బింతీ అనేది, అమ్మాయీ అని. అప్పటికే నాకు మనవరాలుంది.

ఆవిడ ఎదురుచూసేది వాన కోసం కాదు.

ఆవిడ ఆ కొండ మీదే పుట్టింది. వాళ్ళవాళ్ళు ఎండాకాలం కిందికి దిగి ఖర్జూరం తోటల్లో ఉండేవారట. చలికాలం వానలకి పైకెక్కి, మెట్లు మెట్లుగా కట్టుకున్న చిన్న చేలల్లో బార్లీ చల్లుకునేవారట. రాతి ఇల్లు, సగం భూమిలోకి దిగి ఉండేది. ధాన్యం కుండలు గుమ్మం కంటే పెద్దవి. ముందు కుండలు పెట్టి, ఆ తర్వాత వాటి చుట్టూ గోడలు కట్టేవారు, ఎవరూ ఎత్తుకుపోకుండా. "అయితే దొంగ వస్తే ఆ కుండతోనే కాపురం పెట్టాలన్నమాట" అన్నాను. ఆ మాట ఎంత నచ్చిందో, చుట్టాలు ఎవరొచ్చినా నా చేత మళ్ళీ చెప్పించేది.

ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఒక చలికాలం సాయంత్రం, అక్కాచెల్లెళ్ళిద్దరూ మేకల్ని దొడ్లోకి తోలుతున్నారు. ముందు వడగళ్ళు పడ్డాయి. ఇద్దరూ ఒక బండరాయి చాటుకి దూరారు. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. వాన వెలిసిందనుకుని బయటికి వచ్చి చూస్తే వెలవలేదు. ఎవరో పైనుంచి దూది గుప్పిళ్ళతో దూసి పోస్తున్నట్టు తెల్లగా పడుతోంది. ఇంత పడుతున్నా ఎక్కడా చప్పుడు లేదు. మేకలు కూడా అరవడం మానేశాయట. పరుగెత్తి వెళ్ళి పెద్దవాళ్ళని పిలుచుకొచ్చేలోపు అయిపోయింది. పెద్దవాళ్ళు నేల మీద తెల్లగా మిగిలింది చూసి "బరద్" అన్నారు, వడగళ్ళని. పిల్లలిద్దరూ "కాదు, తల్జ్" అన్నారు. తల్జ్ అంటే మంచు. మా కాలవ గట్టున తెల్లారగట్ల కమ్ముకునే పొగలాంటి మంచు కాదు, ఆకాశం నుంచి పడే మంచు.

అప్పటినుంచి ముసలివాళ్ళయ్యేదాకా ఆ ఇద్దరూ ఆ మాట మీదే నిలబడ్డారు. మిగతావాళ్ళకి అదొక వేళాకోళం. ఎవరైనా గొప్పలు చెప్పుకుంటే "ఇదీ అక్కాచెల్లెళ్ళ మంచేనా" అనేవారట. వడగళ్ళకీ మంచుకీ తేడా ఏమిటని అడిగితే ఇద్దరూ ఒకటే జవాబు చెప్పేవారు: చప్పుడు. దానికి ఇంకా నవ్వేవారు. కరోనాలో అక్క పోయింది. ఆస్పత్రికి తీసుకెళ్ళినప్పుడు చివరిచూపుకి కూడా వెళ్ళనివ్వలేదు ఎవరినీ.

ఈ సంగతి చెప్పిన రోజున నేను కూడా ఏదో హాస్యం ఆడబోయాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

"నాకేం కనిపిస్తుంది బింతీ, నా కళ్ళు ఖలాస్. అది నా కోసం కాదు. చూసినవాళ్ళం ఇద్దరం, ఒకతె పోయింది. నేనూ పోతే ఇక అది పడనట్టే. నువ్వు చూడు. నీ కళ్ళు బాగున్నాయి, నోరు ఇంకా బాగుంది."

అలా ఆ ఉద్యోగంలో నాకు ఇంకో పని కలిసింది. రోజూ మేడ మీద ఆవిడ కొండ గురించి అడగడం అందుకే.

ఆ దేశంలో ఒక అలవాటు చూశాను. మన వైపు మబ్బు పడితే ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి పరుగెడతాం. అక్కడ మబ్బు పడితే బయటికి పరుగెడతారు. పిల్లల్ని, ముసలివాళ్ళని, బొగ్గుల కుంపటిని, మసాలా పట్టించిన మాంసాన్ని, చాపల్ని బండిలో వేసుకుని వాన ఎక్కడ పడుతుందో అక్కడికి ఎదురెళ్తారు. ఏడాదిలో ఎప్పుడో నాలుగు చినుకులు పడే చోట వాన చుట్టం లాంటిది, పొలిమేర దాకా వెళ్ళి తెచ్చుకోవాలి.

నేను చేరాక వచ్చిన రెండో చలికాలంలో ఒకసారి బాబా ఫోన్ చూసి, జైస్ కొండ మీద, అంటే మేం రోజూ చూసే కొండ మీదే, ఇవాళ సాయంత్రం గట్టిగా పడుతుందని ఇల్లంతా వినపడేలా చెప్పాడు. ఫోన్‌లో కొండల మీద పసుపు రంగు పులిమి ఉంది. ఆ పసుపంటే హెచ్చరిక. యుమ్మాకి ఉన్ని శాలువాలు చుట్టి, రెండు బండ్లలో బయల్దేరాం. ఊళ్ళో సగం జనం మా ముందే ఉన్నారు. కొండ మొదట్లో పోలీసులు అడ్డం పెట్టేశారు. పైన ప్రమాదం, దారి మూసేశామని మర్యాదగా చెప్పారు. అడ్డం ముందు బండి తిప్పుకుంటూంటే కాఫీ ఫ్లాస్కు నా ఒళ్ళోనే ఉంది, మూత కూడా తీయలేదు.

ఆ రాత్రి అప్పటికే పైన చిక్కుకున్న ఎవరో తీసిన వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. నేలంతా తెల్లగా ఉంది. బాబా దాన్ని తల్లి ముఖం దగ్గర పెట్టి, ఇదిగో యుమ్మా చూడు అన్నాడు. ఆవిడ చూడలేదు, చెవి దగ్గర పెట్టించుకుంది. బండి రేకు మీద టపటపలు, కుర్రాళ్ళ ఈలలు. ఫోన్ వెనక్కి తోసేసి గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు మేడ మీద కొండ సంగతి అడగలేదు. చాలాసేపటికి తనే అంది.

"ఫోన్ చెప్పాక పోలీసు వస్తాడు. పోలీసు వచ్చాక దారి ఉండదు. ఫోన్ కంటే ముందు మనం తెలుసుకోవాలి."

అదీ మా ఇద్దరికీ వచ్చిన చిక్కు. ఖాయమని తెలిసేదాకా ఆగితే వెళ్ళలేం. ఖాయం కాకుండా ఊరికే వెళ్తే ఆ చలికి ఆవిడ ఛాతీ పట్టేస్తుంది.

ఆ మరుసటి చలికాలానికి ఆవిడ బాగా తగ్గిపోయింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉండి వచ్చింది. చల్లగాలి తగలకూడదని డాక్టర్ గట్టిగా చెప్పాడు. మేడ ఎక్కడం కూడా రోజు విడిచి రోజు అయింది. ఆకాశం సంగతి ఆవిడకి తెలిస్తే ఆవిడ ఛాతీ సంగతి నాకు తెలిసేది. పక్కన పడుకుని వింటే చాలు, తేలిగ్గా ఈల వేసినట్టుంటే రేపు బాగానే ఉంటుంది, లోపల గులకరాళ్ళు దొర్లినట్టుంటే మందు డబ్బా దగ్గర పెట్టుకోవాలి. ఆవిడ అంచనాల్లాగే నావీ సగం తప్పేవి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం పైకి తీసుకెళ్ళమంది. కాఫీ కూడా వద్దంది.

"కొండ ఏం కట్టుకుంది?"

"నల్ల అబాయా యుమ్మా. ముఖం కూడా కనిపించడంలేదు."

"కింది అంచు?"

"సాపుగా ఉంది. కత్తిపీటతో తెగ్గోసినట్టు."

పొద్దున్నంతా వెచ్చగా దక్షిణం నుంచి కొట్టిన గాలి భోజనాల వేళకి ఆగిపోయిందనీ, ఇప్పుడు సముద్రం వైపు నుంచి చల్లగా మొదలైందనీ చెప్పాను. పావురాలు నీళ్ళ ట్యాంకు కింద ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయని చెప్పాను. ఆవిడ శాలువాలోంచి చెయ్యి తీసి గాలిలో పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది.

"ఇవాళే. చీకటి పడేముందు. ఎక్కువసేపు ఉండదు."

"పోయిన వారం కూడా ఇవాళే అన్నావు."

"పోయిన వారం తప్పు చెప్పాను. కొడుకుని పిలువు."

బాబాకి ఆ సాయంత్రం చుట్టాలింట్లో నికాహ్ ఉంది, సాక్షి సంతకం ఆయనదే. అత్తరు పూసుకుని తయారై వచ్చాడు. ఫోన్ తీశాడు. మబ్బు బొమ్మ, దాని కింద రెండు చుక్కలు, అంతే. పసుపు లేదు. ఆయన చెడ్డవాడు కాదు, తల్లి చేతిని ముద్దు పెట్టుకోకుండా గడప దాటేవాడు కాదు. చలి గురించి, డాక్టర్ గురించి ఓపిగ్గా చెప్పాడు. పసుపు పడనీ యుమ్మా, అప్పుడు చూద్దామన్నాడు.

"పసుపు పడితే దారి మూస్తారు" అంది ఆవిడ.

ఆవిడ బతిమాలలేదు, ఏడవలేదు. చెయ్యి మాత్రం కొడుకు వైపు చాపి ఉంచింది. చివరికి ఆయన నా వైపు తిరిగాడు. ఆవిడ ఊపిరి నీ పూచీ అన్నాడు, దగ్గు మొదలైన క్షణాన బండి దించెయ్యాలన్నాడు, నికాహ్ కాగానే తనూ వచ్చేస్తానన్నాడు. సరేనన్నాను. మామూలుగా అయితే ఏదో ఒకటి అని నవ్వించేదాన్ని. ఈసారి మందు డబ్బా, రజాయి తేవడానికి కిందికి దిగాను.

ఆ ఇంటి డ్రైవర్ జగిత్యాల వైపు కుర్రాడు. కుర్రాడంటే వాడికీ నలభై ఉంటాయి, నాకంటే చిన్నవాడు కాబట్టి తమ్ముడు. బండి తీస్తూనే మొదలుపెట్టాడు.

"ఏందక్కా, ముసలమ్మ మాట వట్టుకొని కొండెక్కుడేంది? గీమెకు ఏమన్నయితె మనిద్దరి వీసాలు ఖలాస్."

"నీకేంట్రా తమ్ముడూ, బండి బాబాది, పెట్రోలు బాబాది. కొండ కూడా నీది కాదు కదా. పోనీ."

"నాకు చలి వెడ్తది గద. జాకెట్ గూడ తేలె."

"నా చున్నీ కట్టుకో. పైన ఎవరైనా అడిగితే నా చెల్లెలని చెబుతాను."

వెనక సీట్లో నా పక్కన యుమ్మా, మా భాష ఏమీ తెలియకపోయినా భుజాలు ఊపింది.

ఆ బండి ముందు అద్దం కింద బయటి చలి ఎంతో అంకెల్లో చూపిస్తుంది. ఊళ్ళో ఇరవై దాటి ఉంది. కొండ మలుపులు మొదలయ్యాక తగ్గడం మొదలైంది. ప్రతి మలుపులోనూ "ఎంత?" అని అడిగేది. నేను చదివేదాన్ని. పన్నెండు. తొమ్మిది. ఏడు. అంకె తగ్గేకొద్దీ ఆవిడ నిటారుగా కూర్చుంటోంది. నేను మాత్రం అంకె చదువుతూ చెవి ఆవిడ ఛాతీ దగ్గరే పెట్టుకున్నాను. ఈల ఉంది. గులకరాళ్ళు లేవు.

పైన బండ్లు ఆపుకునే చోట జనం బాగానే ఉన్నారు. కుంపట్లు, పిల్లలు, కరక్ చాయ్ బండి. ఆవిడని దించలేదు. అద్దాలు మూసి, కాళ్ళ మీద రజాయి కప్పి కూర్చోబెట్టాను. అంకె మూడుకి వచ్చి ఆగిపోయింది. ఎంతసేపు చూసినా మూడే. మబ్బు లోయలోంచి లేచి రోడ్డు మీదికి పాకింది. పక్కబండి కనిపించడం మానేసింది. ఏమీ పడలేదు. డ్రైవర్ నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. నేను చూడనట్టు నటించాను.

ఇంతలో పోలీసు బండి ఒకటి మెల్లగా తిరుగుతూ మైకులో చెప్పింది. వాతావరణం మారుతోంది, అందరూ దిగిపోండి. కుంపట్లు ఆర్పేశారు, పిల్లల్ని ఎత్తుకున్నారు, వరసగా బండ్లు కదిలాయి. మా బండి కూడా. యుమ్మాకి ఏం జరిగిందో చెప్పాను. తల ఊపింది. ఆ తల ఊపడం చూశాక నాకు కొండ మీద, మబ్బు మీద, పోలీసు మీద, అందరి మీదా కోపం వచ్చింది.

కొన్ని మలుపులు దిగాం. రోడ్డు కింద పాత మెట్టు చేలు, విరిగిన రాతి గోడలు మబ్బు సందుల్లోంచి కనిపించి పోతున్నాయి. ఇవి మీవాళ్ళవేనా అని అడగబోతున్నాను. బండి నెత్తిన ఎవరో శనగలు పోసినట్టు మొదలైంది. వడగళ్ళు. క్షణాల్లో మాట వినపడనంత మోతైంది. డ్రైవర్ రోడ్డు పక్క వెడల్పు చోటు చూసి ఆపేశాడు. ఫోన్ తీసి వీడియో పట్టాడు, "రాళ్ళ వాన, రాళ్ళ వాన" అని అందులో తన గొంతు కూడా ఎక్కించాడు.

యుమ్మా ముఖం చూశాను. అంత చిన్నదైపోయిన ముఖం నేను ఆస్పత్రిలో కూడా చూడలేదు. పెదవులు కదిలాయి. మోతలో వినపడలేదు గానీ ఏమందో తెలుస్తూనే ఉంది. బరద్.

తర్వాత మోత ఆగిపోయింది.

డ్రైవర్ వీడియో ఆపేసి, వెలిసింది అన్నాడు. బాబాకి చెబుదామని ఫోన్ మీదికి వంగాడు, సిగ్నల్ లేక దాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు. నేను అంకె చూశాను. ఒకటి. అద్దంలోంచి చూస్తే బయట ఏమీ కనిపించలేదు. మబ్బు అద్దానికి అంటుకుందనుకుని చేత్తో తుడిచాను. లోపలి వైపు పొడిగానే ఉంది.

అద్దం కొంచెం దించాను.

పడుతోంది. అంతా నిండిపోయి పడుతోంది. బోలెడు కోళ్ళ ఈకలు ఒక్కసారి దులిపినట్టుంది గానీ, ఈకలు అటూ ఇటూ తిరుగుతాయి, ఇది తిన్నగా, దట్టంగా దిగుతోంది. విరిగిన గోడ మీద పడి గోడ ఆకారం తీసుకుంటోంది. నా చేతి మీద పడింది. బరువు లేదు. ముందు పడ్డ వడగళ్ళు గుండ్రంగా కింద ఉన్నాయి, వాటి మీద ఇది దుప్పటిలా పరుచుకుంటోంది. అదేమిటో కళ్ళతో తేల్చుకోవడం నాకు చేతకాలేదు. విన్నాను.

"బింతీ" అంది యుమ్మా. గొంతు చాలా మెల్లగా ఉంది. "ఆగిందా?"

"ఆగలేదు."

"ఏం వినపడుతోంది?"

చెవి బయటికి పెట్టాను. బండి ఇంజను కూడా ఎక్కడో దూరాన ఉన్నట్టుంది.

"ఏమీ లేదు యుమ్మా. ఏమీ వినపడటంలేదు."

"అదే."

ఆవిడ నా మీదుగా చెయ్యి బయటికి చాపింది. నేను ఆపాలి. ఆపలేదు. ముడతల మీద తెల్లగా నిలిచింది, అక్కడే కరిగింది. చేతిని లోపలికి తీసుకుని నాలుకకి అద్దుకుంది. అక్క పేరు ఒక్కసారి పలికింది. ఆ తర్వాత లోపల గులకరాళ్ళు దొర్లాయి. అద్దం ఎత్తేశాను.

కాఫీ ఒక పొంగు వచ్చేంత సేపు ఉందేమో. అంతలోనే వాన అందుకుంది, ఉత్త నీళ్ళ వాన. గోడల మీద తెలుపు కారిపోయింది. డ్రైవర్ తలెత్తి, రోడ్డు మీద ఇంకా మిగిలిన వడగళ్ళని చూసి, జారుతుందేమో మెల్లగా పోదామన్నాడు. అప్పుడు వచ్చింది సిగ్నల్. మా ఇద్దరి ఫోన్లూ ఒక్కసారే కూశాయి. కొండల మీద సాయంత్రం కొద్దిసేపు భారీగా పడవచ్చు, జాగ్రత్త. పసుపు.

కొండ మొదట్లో అడ్డం అవతల బాబా తడుస్తూ నిలబడి ఉన్నాడు. నికాహ్ నుంచి తిన్నగా వచ్చాడట, పైకి పోనివ్వలేదట. పొడుగాటి తెల్ల కందూరా ఒంటికి అంటుకుపోయింది. ముందు తల్లి ఛాతీ మీద చెవి పెట్టి విన్నాడు. తర్వాత ఏం పడిందని అడిగాడు. డ్రైవర్ సంబరంగా వీడియో చూపించాడు. మోత, తెల్లటి రాళ్ళు, "రాళ్ళ వాన" అని వాడి గొంతు. ఇంకేం కావాలి సాక్ష్యానికి.

"బరద్" అన్నాడు బాబా, ప్రేమగానే, తల్లి నుదురు నిమురుతూ.

"దాన్ని అడుగు" అంది యుమ్మా, నా వైపు గడ్డం చూపించి.

ఆయన నా వైపు తిరిగాడు. వెనక బండ్లు హారన్ కొట్టాయి, పోలీసు యల్లా యల్లా అన్నాడు. ఆయన తన బండి దగ్గరికి పరుగెత్తాడు. తర్వాత ఎప్పుడూ అడగలేదు. మర్నాడు వార్తల్లో కూడా కొండల మీద వడగళ్ళనే చెప్పారు.

ఆ తర్వాత ఆవిడ కొండ ఏం కట్టుకుందని అడగడం మానేసింది. మేడ మీదికి తీసుకెళ్తే కళ్ళు మూసుకుని ఎండ కాచుకునేది. నేనే ఉండబట్టలేక "ఇవాళ ఎర్ర చీర యుమ్మా" అంటే, ఊఁ కొట్టి ఊరుకునేది. ఇక మా ఆఫీసు మూసేశామన్నమాట. నాతో పని అయిపోయిందని అలక కూడా వచ్చింది కొన్ని రోజులు. తర్వాత అర్థమైంది, ఆవిడ తన దగ్గరున్నది నాకు ఒప్పజెప్పేసింది. చేతులు ఖాళీ అయినవాళ్ళు అలాగే కూర్చుంటారు.

ఎండలు ముదిరే వేళకి పోయింది. దగ్గు ఆ సాయంత్రమే పట్టుకుందని మామా అనుకుంది. డాక్టర్ కాదన్నాడు. నేను ఏదీ తేల్చుకోలేదు.

మూడు రోజులు ఇంటినిండా పరామర్శకి వచ్చినవాళ్ళు. మగవాళ్ళు బయట గుడారంలో, ఆడవాళ్ళు లోపల పెద్ద గదిలో. కాఫీ పోసే పని నాది. ఎడమ చేత్తో ఫ్లాస్కు, కుడి చేత్తో చిన్న కప్పులు. కప్పులో అడుగున కొంచెం పోసి ఇవ్వాలి, తాగి ఖాళీ కప్పు చాపితే మళ్ళీ పోయాలి, చాలనుకున్నవాళ్ళు కప్పుని కొంచెం ఊపి ఇస్తారు. ఊపేదాకా ఎదురుగా నిలబడాలి. కాఫీ పోసే మనిషి మాట్లాడదు. ఆ మూడు రోజులూ నా నోటికి కూడా సెలవిచ్చేశాను.

మూడో రోజున యుమ్మా ఈడుదే, చిన్నాన్న కూతురు ఒకావిడ వచ్చింది. ముఖం మీద కళ్ళకి కంతలున్న పాతకాలపు బుర్ఖా, చేతికర్ర. చిన్నప్పటి కబుర్లు మొదలయ్యాయి. మేకలు, బార్లీ చేలు, పెద్ద కుండలు. అక్కాచెల్లెళ్ళ మంచు రానే వచ్చింది.

"ఇద్దరూ వడగళ్ళు చూసి తల్జ్ అన్నారు. పాపం, చివరికి కొడుకుని ఒప్పించి కొండెక్కి, మళ్ళీ వడగళ్ళే చూసి దిగింది" అందావిడ.

గదిలో చిన్న నవ్వు కదిలింది. వెక్కిరింపు కాదు, చచ్చిపోయినవాళ్ళని ముద్దు చేసే నవ్వు. అందుకే ఇంకా భరించలేకపోయాను. అప్పుడు నేను ఆవిడ ఎదురుగానే నిలబడి ఉన్నాను. ఆవిడ కప్పు తాగేసింది, ఇంకా ఊపలేదు.

"తల్జే. నేను చూశాను" అన్నాను.

మామా అవతలి మూల నుంచి తలెత్తి చూసింది. నవ్వు ఆగిపోయింది. ముసలావిడ బుర్ఖా కంతల్లోంచి నన్ను పైకీ కిందికీ చూసింది.

"నీకెలా తెలుసు? మీ దేశంలో నీ ఊళ్ళో పడుతుందా?"

"పడదు. తెలియదు కాబట్టే చెవి పెట్టి విన్నాను. ముందు వడగళ్ళు పడ్డాయి, మోత. తర్వాత ఇది పడింది. దీనికి చప్పుడు లేదు."

కర్ర మీద ఆనించిన ఆవిడ వేళ్ళు ఒకసారి విడివడి మళ్ళీ బిగుసుకున్నాయి.

"మేకలు?" అని అడిగింది.

"మేకలు లేవు అమ్మా. బండి ఉంది. అది కూడా అరవలేదు."

మామా ఇంకా నా వైపే చూస్తోంది. ముసలావిడ ఖాళీ కప్పు వైపు చూసుకుంది. ఊపి ఇచ్చేస్తుందనుకుని చెయ్యి చాపాను. ఊపలేదు. కప్పు నా ముందుకు పెట్టింది.

పోశాను. పోసి, మేడ మీద పావురాలు ట్యాంకు కింద కూర్చోవడం దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టాను.